కాగితం గడువు తీరితే మనిషి అక్రమమా? థాయ్‌లాండ్‌లో బర్మా కూలీల సంగతి

ఈ మధ్య తెలుగు పత్రికల్లో బర్మా (మయన్మార్) పేరు కనిపించిందంటే అది దాదాపు ఎప్పుడూ అక్కడి సరిహద్దు ఊరు మయవాడిలోని సైబర్ మోసాల క్యాంపుల వార్తే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి బ్యాంకాక్ విమానమెక్కిన మన పిల్లలను కార్లలో థాయ్ సరిహద్దు ఊరు మే సోట్ దాకా తీసుకెళ్లి, సరిహద్దుగా పారే మోయి నది దాటించి, కేకే పార్కు లాంటి చోట్ల పడేశారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అలా మోయి నదికి అవతలి గట్టు మనకు పరిచయమైంది. ఇవతలి గట్టున మే సోట్ కుట్టు ఫ్యాక్టరీల్లోనూ, అక్కడికి ఐదు వందల కిలోమీటర్ల దూరంలో, బ్యాంకాక్ పక్కన ఉన్న మహాచాయ్ రొయ్యల షెడ్లలోనూ బతుకుతున్న బర్మా కూలీల గురించి మాత్రం మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. థాయ్‌లాండ్ ప్రభుత్వ పుస్తకాల్లో పేరున్నవాళ్లే ఇరవై లక్షలకు పైగా ఉన్నారు. పేరు ఎక్కనివాళ్లు వేరే.

ఈ మనుషులను 'అక్రమ వలసదారులు' అనేస్తే పని అయిపోతుందనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. నది దాటిన రోజున ఎవరైనా అక్రమంగానే దాటి ఉండవచ్చు. కానీ పదేళ్లుగా పన్ను కడుతూ, పర్మిట్ తీసుకుని, ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి కూడా ఒక పొద్దున లేచేసరికి అక్రమమైపోతున్నాడు. థాయ్‌లాండ్ ఇచ్చే పని అనుమతి బర్మా సైన్యం ఇచ్చే పాస్‌పోర్టుకు కట్టి ఉండటమే దానికి కారణం. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్ల దగ్గరికే వెళ్లి ముద్ర వేయించుకు రమ్మంటున్నారు. ఆ ముడి విప్పనంత కాలం ఎన్ని నమోదు శిబిరాలు పెట్టినా, ఎన్నిసార్లు గడువు పొడిగించినా ఏమీ కుదుటపడదు.

ముందు ఎందుకు వస్తున్నారో చూద్దాం. బర్మాలో రోజు కనీస వేతనం 2018లో 4,800 క్యాట్ (బర్మా కరెన్సీ). 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కునే నాటికి డాలరు 1,330 క్యాట్ల దగ్గర ఉంది. అంటే రోజు కూలి మూడున్నర డాలర్లకు కాస్త పైన. ఆ తర్వాత 2023 అక్టోబరులో వెయ్యి, 2024 ఆగస్టులో ఇంకో వెయ్యి భత్యం కింద కలిపి 6,800 చేశారు. ఈలోగా బజారులో డాలరు నాలుగు వేలు దాటిపోయింది. 4,400 చొప్పున వేసినా ఆ 6,800 ఒకటిన్నర డాలరు. కాగితం మీద కూలి పెరిగింది, చేతిలో సగానికి పైగా తరిగింది. బియ్యం, వంటనూనె, మందులు డాలరుతో పాటు ఎగబాకాయి. యాంగోన్ (పాత పేరు రంగూన్) లాంటి నగరంలోనే రోజులో సగం సేపు కరెంటు ఉండదు. జనరేటరు డీజిలు భరించలేక చిన్న వర్క్‌షాపులు మూతపడ్డాయి. థాయ్‌లాండ్‌లో 2025 నాటి కనీస వేతనం జిల్లాను బట్టి 337 నుంచి 400 భాట్ (థాయ్ కరెన్సీ), రమారమి పది పన్నెండు డాలర్లు. సరిహద్దు ఊళ్లలో యజమానులు అందులో సగమే ఇచ్చినా, ఇంటి దగ్గర దొరికే దానికి అది ఎన్నో రెట్లు.

ఇదొక్కటే చూసేవాళ్లు 'ఇది ఆకలి వలస, శరణార్థులు కారు' అంటారు. మరి 2024 ఫిబ్రవరి 10ని ఏం చేద్దాం? ఆ రోజు సైన్యం 2010 నుంచి పుస్తకాల్లో పడి ఉన్న నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని బయటికి తీసింది. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు రెండేళ్లు సైన్యంలో పనిచేయాలి. డాక్టర్లు, ఇంజినీర్ల వంటి నిపుణులకు ఆ వయసు మగవాళ్లలో 45 దాకా, ఆడవాళ్లలో 35 దాకా పోతుంది. అత్యవసర పరిస్థితి ఉంటే రెండేళ్లు ఐదేళ్లవుతాయి, అక్కడ అత్యవసర పరిస్థితి 2021 నుంచి 2025 జులై దాకా ఉండనే ఉంది. ఎగ్గొడితే మూడు నుంచి ఐదేళ్ల జైలు. ఏడాదికి 60 వేల మందిని, విడతకు 5 వేల చొప్పున తీసుకుంటామన్నారు. ఏప్రిల్‌లో తింజాన్ నీళ్ల పండగ సమయానికే మొదటి విడతకు పట్టుకుపోవడం మొదలైంది.

ఇది కింది స్థాయిలో ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూస్తే తప్ప ఆ ఒత్తిడి అర్థం కాదు. బర్మాలో ప్రతి ఇంటికీ ఒక కుటుంబ జాబితా ఉంటుంది, ఫారం 66/6 అంటారు. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, పనేమిటి అన్నీ అందులో ఉంటాయి. రాత్రి చుట్టం వచ్చి పడుకుంటే వార్డు అధికారికి చెప్పి రాయించాల్సిన ఆనవాయితీ కూడా ఉంది. ఆ జాబితాల్లోంచే నిర్బంధ సేవకు పేర్లు తీస్తారు. చాలా వార్డుల్లో చీట్లు వేసి లాగుతారు. పేరు రాకుండా ఉండటానికి ఒక రేటు, వచ్చిన పేరు వెనక్కి జరపడానికి ఇంకో రేటు, మన బదులు వెళ్లే మనిషిని కొనుక్కోవడానికి మరో రేటు. వెళ్లినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాలంటూ మిగతా ఇళ్ల నుంచి నెలనెలా చందా వసూలు చేసే వార్డులూ ఉన్నాయి. చీటీలో పేరు వచ్చిన కుర్రాడు కనిపించకుండా పోతే తండ్రినో తమ్ముణ్నో తీసుకుపోతారన్న భయం. ఇంత డబ్బు పోయడం కన్నా ఆ డబ్బుతోనే కొడుకుని సరిహద్దు దాటిస్తే నయమని తల్లిదండ్రులు లెక్క వేసుకుంటారు. ఇప్పుడు చెప్పండి, ఆ కుర్రాడిది ఆకలి వలసా, ప్రాణభయం వలసా? పొలం అమ్మింది సైన్యం భయానికి, నది దాటింది కూలి కోసం, తిరిగి వెళ్లలేకపోతున్నది జైలు భయానికి. ఆ మూడూ ఒకే మనిషివి.

దారిలో చెక్‌పోస్టులు ఇంకో కథ. బర్మా పౌరసత్వ కార్డు నంబరు రాష్ట్రం అంకెతో మొదలవుతుంది. కచిన్ 1, కయిన్ 3, చిన్ 4, సగాయింగ్ 5, రఖైన్ 11, యాంగోన్ 12, ఇలా 14 దాకా. ఆ వెంటనే టౌన్‌షిప్ పేరు. బస్సు ఆపి కార్డు చూసిన సైనికుడికి ఆ మనిషి ఏ ఊరివాడో ఒక్క చూపులో తెలిసిపోతుంది. 5తో మొదలైతే సాయుధ ప్రతిఘటన బలంగా ఉన్న సగాయింగ్ వాడు, దింపి సోదా చేస్తారు. 11 అయితే రఖైన్‌లో సైన్యంతో పోరాడే అరకాన్ ఆర్మీ మనిషేమోనని అనుమానం. ఇప్పుడు కార్డు వివరాలను కంప్యూటరు జాబితాలతో అక్కడికక్కడే సరిపోల్చే ఏర్పాటు కూడా వచ్చింది. అందుకే సొంత దేశంలోనే కార్డు చూపించకుండా ప్రయాణించే దారులు వెతుక్కుంటారు. రోహింగ్యాలకైతే ఆ కార్డే లేదు. 1982 పౌరసత్వ చట్టం వాళ్లను బయట పెట్టేసింది, చేతిలో మిగిలిన తాత్కాలిక తెల్ల కార్డులను 2015లో రద్దు చేశారు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయింది అలాంటి స్థితిలోంచే.

ఇక థాయ్‌లాండ్‌కు 'సక్రమంగా' రావడం ఎలాగో చూద్దాం. రెండు దేశాల మధ్య 2003లో కుదిరిన ఒప్పందం ఉంది, దాన్ని అందరూ ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అనే పిలుస్తారు. థాయ్ యజమాని తనకు ఇంతమంది కావాలని అక్కడి ఉపాధి శాఖలో కోటా తీసుకోవాలి. ఆ గిరాకీ పత్రం బర్మా రాయబార కార్యాలయం మీదుగా ఆ దేశ రాజధాని నేపిడోలోని కార్మిక శాఖకు పోవాలి. వాళ్లు ఒప్పుకున్నాక లైసెన్సు ఉన్న ఏజెన్సీ మనుషులను చేరుస్తుంది. కార్మికుడి దగ్గర మామూలు పాస్‌పోర్టు ఉంటే చాలదు, ఉద్యోగాల కోసం ఇచ్చే పీజే రకం ఉండాలి. దానికి వార్డు అధికారి సిఫారసు పత్రం, కుటుంబ జాబితా, పౌరసత్వ కార్డు కావాలి. తర్వాత విదేశీ కార్మికుల గుర్తింపు కార్డు, ఒప్పందంపై సంతకం, మయవాడి మీదుగానో కౌతాంగ్ మీదుగానో దాటింపు. ఇవతల మే సోట్‌లోనో రనోంగ్‌లోనో ఉన్న స్వాగత కేంద్రంలో శిక్షణ, వైద్య పరీక్ష. కుష్ఠు, ముదిరిన క్షయ, బోదకాలు, మూడో దశ సిఫిలిస్, మత్తుమందుల అలవాటు, తాగుడు వ్యసనం, వీటిలో ఏదున్నా పర్మిట్ రాదు. అన్నీ దాటితే రెండేళ్ల అనుమతి, ఇంకో రెండేళ్ల పొడిగింపు.

ఈ వరుసలో ప్రతి మెట్టు దగ్గరా సైన్యం చెయ్యి అడ్డం పెట్టగలదు, పెట్టింది కూడా. 2024 మే నెలలో మగవాళ్లకు విదేశీ పని అనుమతుల జారీ ఆపేశారు. 2025 మొదట్లో 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు పని కోసం దేశం దాటకూడదని గట్టిగా బిగించారు. వార్డు అధికారి సిఫారసు తెచ్చుకోవాలంటే నిర్బంధ సేవ జాబితా పట్టుకు కూర్చున్న అదే అధికారి గుమ్మం ఎక్కాలి. సక్రమ దారి ఇలా మూసేశాక అదే వయసు కుర్రాళ్లు అడవి దారి పట్టడంలో వింతేముంది?

అడవి దారిలో నడిపించేవాణ్ని బర్మా వాళ్లు 'కేరీ' అంటారు. ఒక్కడే చివరిదాకా రాడు. ఊరి నుంచి సరిహద్దు దాకా ఒకడు, నది దాటించేవాడు ఒకడు, థాయ్ చెక్‌పోస్టులు తప్పించి బ్యాంకాక్ వైపు చేర్చేవాడు ఇంకొకడు. చేతులు మారిన ప్రతిసారీ రేటు పెరిగే ప్రమాదం ఉంటుంది, డబ్బు చాలలేదని మధ్యలో ఆపేసి ఇంటికి ఫోన్ చేయించడం కూడా మామూలే. పికప్ బండి వెనక టార్పాలిన్ కింద మనుషులను పొరలు పొరలుగా పడుకోబెడతారు. 2008లో రనోంగ్ దగ్గర గాలి ఆడని కంటైనర్ లారీలో 54 మంది బర్మా కూలీలు ఊపిరాడక చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. డబ్బు సాధారణంగా ముందే యజమానో దళారో పెట్టి, తర్వాత నెల జీతంలో కోసుకుంటాడు. అప్పు తీరేదాకా పని మానడానికి లేదు.

తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల మీదుగా రంగూన్ వెళ్లిన మన కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మెడకు కట్టుకునే ఓడెక్కారు. కోరంగివాళ్లని పేరుపడ్డ వాళ్లు రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. జీతం మేస్త్రీ చేతికి వెళ్లేది, అతను కోసుకున్నాక మిగిలింది కూలీకి. 1930 మే నెలలో ఓడరేవు కూలి దగ్గర మొదలైన గొడవ రంగూన్‌లో తెలుగు కూలీల ఊచకోతగా మారింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల గుండా మణిపూర్ వైపు నడిచారు. 1964 తర్వాత సైనిక పాలకుడు నె విన్ జాతీయీకరణ దెబ్బకు మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉన్నది అందుకే. మేస్త్రీ అడ్వాన్సులో ఉన్న కిటుకు, ఈ రోజు మహాచాయ్ దళారి అప్పులో ఉన్న కిటుకు ఒకటే. మనిషి పారిపోకుండా పట్టి ఉంచడానికి గొలుసు అక్కర్లేదు, తీరని బాకీ చాలు.

నది దాటి పనిలో చేరినవాడికి తర్వాత అందే కాగితం గులాబీ కార్డు. థాయ్ కేబినెట్ ఎప్పుడైనా నమోదుకు గడువు ప్రకటిస్తే యజమాని పేరు పెట్టి దరఖాస్తు చేయాలి. వేలిముద్రలు, ఫొటో తీసుకుని 00తో మొదలయ్యే 13 అంకెల నంబరు ఇస్తారు. సర్కారు రుసుములు చూస్తే పెద్ద భారమనిపించదు. పని పర్మిట్ ఏడాదికి 900 భాట్, దరఖాస్తుకు 100, వీసా పొడిగింపు 1,900, పైన వైద్య పరీక్ష, ఆరోగ్య బీమా. కానీ ఫారాలన్నీ థాయ్ భాషలో ఉంటాయి, ఆన్‌లైన్ దరఖాస్తు యజమాని ఖాతా నుంచే వెళ్లాలి, క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని దళారి లేకుండా జరిగే పని అరుదు. దళారి అన్నీ కలిపి ఒకే మొత్తం చెబుతాడు, రసీదు ఇవ్వడు. సర్కారు రుసుం ఎంత, తన వాటా ఎంత అన్నది కూలీకి ఎప్పటికీ తెలియదు. రెండు మూడు నెలల సంపాదన ఇట్టే ఎగిరిపోతుంది.

అక్కడితో ఆగిందా? ప్రతి 90 రోజులకూ చిరునామా తెలియజేయాలి. యజమాని మారాలంటే పాత యజమాని 'వెళ్లిపోయాడు' అని కాగితం ఇవ్వాలి, కొత్త యజమాని గడువు లోపల పేరు ఎక్కించాలి. పాతవాడు కోపంతో సంతకం పెట్టకపోయినా, లేక కూలీకి చెప్పకుండానే 'పారిపోయాడు' అని రాసి పంపినా, పర్మిట్ ప్రమాదంలో పడుతుంది. జీతం బాకీ పెట్టిన యజమానికి ఇంతకన్నా పదునైన ఆయుధం ఏముంటుంది? అడిగితే పేరు కొట్టేస్తాడు. అసలు ఫిర్యాదులు ఎందుకు తక్కువగా వస్తాయని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ఒక్క నిబంధనను చదివితే చాలు.

అన్నిటికన్నా దారుణం, గులాబీ కార్డు దానంతట అది చెల్లదు. కొంత కాలానికి జాతీయత నిరూపించుకోవాలి. అంటే బర్మా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పుస్తకం, సీఐ అంటారు, లేదా పాస్‌పోర్టు చూపించాలి. సీఐ కేంద్రాలను బర్మా అధికారులే థాయ్‌లాండ్‌లో మహాచాయ్ లాంటి చోట్ల నడుపుతారు. అక్కడ ఊరి చిరునామా, తల్లిదండ్రుల పేర్లు, పౌరసత్వ కార్డు నంబరు చెప్పాలి. నిర్బంధ సేవ తప్పించుకుని వచ్చిన కుర్రాడు, సైనిక పాలనకు నిరసనగా సమ్మె కట్టి ఉద్యోగం వదిలేసిన టీచరమ్మ, సగాయింగ్‌లో ఇల్లు తగలబడిపోయిన రైతు, ముగ్గురూ ఆ కౌంటరు ముందు నిలబడాలి. వివరాలు ఇస్తే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గడప తొక్కుతారేమోనని గుబులు. ఇవ్వకపోతే థాయ్ పర్మిట్ పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట ఇలాంటి చోటుకే సరిపోతుంది.

2024 సెప్టెంబరు 24న థాయ్ కేబినెట్ చేసిన తీర్మానం ఈ ముడిని ఇంకా బిగించింది. 2025 ఫిబ్రవరి 13తో పర్మిట్లు ముగిసే లక్షల మంది కార్మికులు, ఇన్నాళ్లూ దేశం లోపలే పొడిగించుకుంటున్నవాళ్లు, ఎంఓయూ తరహా పద్ధతిలోకి రావాలన్నారు. యజమాని పేర్ల జాబితా తయారుచేసి బర్మా వైపు నుంచి ఆమోదం తెచ్చుకోవాలి. ఇరవై లక్షల మంది పేర్లు ఒక సైనిక ప్రభుత్వం బల్ల మీదికి కొద్ది నెలల్లోనే వెళ్తే ఏమవుతుంది? ఆలస్యమవుతుంది, ప్రతి మెట్టుకూ ఒక రేటు పుడుతుంది. కార్మిక సంఘాలు ఈ మాట ముందే గట్టిగా చెప్పాయి. గడువు దగ్గర పడ్డాక పొడిగింపులు ఇవ్వాల్సి వచ్చింది. ఈ లోపల దళారులకు పండగ.

సైన్యానికి ఈ ముడి ఎందుకంత అవసరమో డబ్బు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఆంక్షలు, తరిగిపోయిన ఎగుమతుల మధ్య వాళ్లకు విదేశీ మారకం కావాలి. 2023 సెప్టెంబరులో, విదేశాల్లో పనిచేసేవాళ్లు సంపాదనలో నాలుగో వంతు అధికారిక బ్యాంకుల ద్వారానే పంపాలని ఆదేశం తెచ్చారు. పంపనివాళ్లకు మళ్లీ విదేశీ పనికి అనుమతి ఆపుతామన్నారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి విదేశీ సంపాదన మీద రెండు శాతం పన్ను. పాస్‌పోర్టు పునరుద్ధరణకు వెళితే రాయబార కార్యాలయంలో పన్ను రసీదు అడుగుతారు. అప్పట్లో డాలరుకు అధికారిక రేటు 2,100 క్యాట్, బజారు రేటు మూడు వేలకు పైనే. నెలకు 9 వేల భాట్ సంపాదించే మనిషి నాలుగో వంతు అధికారికంగా పంపితే, ఆ రేట్ల తేడా రూపంలో ఇంటికి చేరేది తగ్గిపోతుంది. ఆ తేడాతో సైన్యం డాలర్లు పోగేసుకుంటుంది.

అందుకే జనం హుండీ వైపు పోతారు, అక్కడా అదే పేరు. మహాచాయ్ మార్కెట్‌లో బర్మా సరుకులు అమ్మే దుకాణంలో భాట్ ఇస్తారు. దుకాణదారు ఫోన్లో ఆ రోజు రేటు చెబుతాడు. అవతల బర్మాలో అతని మనిషి కేబీజెడ్ పే, వేవ్ పే లాంటి ఫోన్ యాప్‌లో తల్లి ఖాతాకు క్యాట్లు వేస్తాడు, స్క్రీన్‌షాట్ వైబర్‌లో వస్తుంది. ఎక్కడా సరిహద్దు దాటి డబ్బు కదలదు. పని గంటలో అయిపోతుంది. గండం ఎక్కడంటే, ఒకే ఖాతాలోకి చాలామంది నుంచి డబ్బు పడితే ప్రతిఘటనకు చందాలంటూ ఖాతా స్తంభింపజేస్తారు. అందుకని చిన్న మొత్తాలుగా, వేరువేరు బంధువుల పేర్లకు పంపుతారు. తల్లి మందులకు పంపిన డబ్బు కూడా దొంగచాటు సొమ్ములా తిరగాల్సి వస్తోంది.

కాగితం లేని మనిషికి ఏమవుతుందో మే సోట్‌లో చూడవచ్చు. నెలనెలా డబ్బు కడితే పట్టుకోకుండా వదిలేసే 'పోలీసు కార్డు' అనే ఏర్పాటును మానవ హక్కుల సంస్థలు ఎప్పటినుంచో నమోదు చేస్తున్నాయి. అంటే పర్మిట్ ఉన్నవాడు సర్కారుకు కడతాడు, లేనివాడు పోలీసుకు కడతాడు, ఊరికే ఎవరూ బతకరు. థాయ్ కార్మిక రక్షణ చట్టం కాగితాలు ఉన్నా లేకున్నా కార్మికులందరికీ వర్తిస్తుంది. కనీస వేతనం, ఓవర్‌టైమ్, గాయానికి పరిహారం అడిగే హక్కు అందరికీ ఉంది. అడగడానికి కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కాలి, అక్కడినుంచి ఇమిగ్రేషన్ లాకప్‌కు పోతానేమోనన్న భయం ఆ హక్కును మింగేస్తుంది. 2025 మార్చి 28న బర్మాలో వచ్చిన భూకంపానికి బ్యాంకాక్‌లో కడుతున్న ఆడిట్ కార్యాలయ భవనం కుప్పకూలితే శిథిలాల కింద ఉన్నవాళ్లలో చాలామంది బర్మా కూలీలే. అలాంటి సబ్ కాంట్రాక్టు సైట్లలో పని చేశాడని చూపించే కాగితమే ఉండదు. పరిహారం అడగాలంటే ముందు ఆ మనిషి అక్కడ పనిచేశాడని రుజువు చేయాలి.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ థాయ్ చట్టం నిజంగా మంచిది. తల్లిదండ్రులకు కాగితాలు లేకపోయినా పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుక నమోదు చేయాలని 2008 నుంచి చట్టంలోనే ఉంది. ఆసుపత్రి ఇచ్చే కాన్పు పత్రం తీసుకుని 15 రోజుల్లోగా జిల్లా కార్యాలయానికి వెళ్తే జనన ధ్రువీకరణ పత్రం ఇస్తారు. ఆ పత్రం వల్ల థాయ్ పౌరసత్వం రాదు, కానీ ఆ బిడ్డ పలానా చోట పలానా వాళ్లకు పుట్టిందన్న రుజువు ఉంటుంది. ఎక్కడ తప్పుతుందంటే, చాలామంది తల్లులు ఆసుపత్రి పత్రాన్నే జనన పత్రం అనుకుని ప్లాస్టిక్ కవర్‌లో దాచుకుంటారు. కొందరు పోలీసు భయంతో జిల్లా ఆఫీసు వైపు వెళ్లరు. కొందరు పొలాల్లో మంత్రసాని చేతిలో కంటారు, వాళ్లకు ఆ మొదటి పత్రమే ఉండదు. డాక్టర్ సింథియా మాంగ్ 1989లో మే సోట్‌లో మొదలుపెట్టిన మే తావ్ క్లినిక్ లాంటి చోట్ల కాన్పు రోజునే ఈ నమోదు గురించి చెప్పి సాయం చేస్తారు. 2005 నుంచి థాయ్ ప్రభుత్వ బడులు ఏ కాగితం లేని పిల్లలనైనా చేర్చుకోవాలి. అయినా భాష రాక, అమ్మానాన్నలు పని కోసం జిల్లాలు మారుతూ ఉండటం వల్ల, ఎంతోమంది వలస కార్మికుల కోసం నడిచే చిన్న బడుల్లోనే ఆగిపోతారు. పన్నెండు పదమూడేళ్లకు రొయ్యల బల్ల దగ్గర నిలబడతారు. తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి, మంచు నీళ్లలో వేయడం. కిలోల లెక్కన కూలి కాబట్టి ఇంట్లో అందరి చేతులూ కావాలి. భీమవరం, కాకినాడ ప్లాంట్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆ చలికి కొంకర్లు పోయే వేళ్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు.

'సొంత దేశం కాగితం లేకుండా మనిషిని ఎలా గుర్తిస్తాం, భద్రత ఏం కావాలి' అన్నది థాయ్ అధికారుల వాదన. ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. కానీ దీనికి జవాబు థాయ్‌లాండే ఇచ్చింది. సరిహద్దు వెంబడి తొమ్మిది శరణార్థి శిబిరాలున్నాయి, 1984 నుంచి ఉన్నాయి. వాటిలో పెద్దది మే లా. ఎక్కువమంది కరెన్, కరెన్ని ప్రజలు. థాయ్‌లాండ్ 1951 శరణార్థి ఒప్పందంపై సంతకం పెట్టలేదు, అందుకే నలభై ఏళ్ల పాటు వాళ్లు కంచె దాటి పని చేయడానికి వీల్లేకపోయింది. విదేశీ దాతలు ఇచ్చిన బియ్యంతో బతికారు. 2025లో అమెరికా సాయం ఆగిపోయి చాలా కుటుంబాలకు రేషన్ కోతపడింది. అదే ఏడాది కంబోడియాతో సరిహద్దు ఘర్షణల తర్వాత లక్షల మంది కంబోడియా కూలీలు ఇంటికి వెళ్లిపోవడంతో థాయ్ తోటలకు, ఫ్యాక్టరీలకు మనుషులు కరువయ్యారు. ఆగస్టులో కేబినెట్ శిబిరవాసులు బయట చట్టబద్ధంగా పని చేయవచ్చని నిర్ణయించింది. పని వయసున్నవాళ్లు నలభై వేల పైచిలుకు. వాళ్లను గుర్తించడానికి బర్మా పాస్‌పోర్టు అడగలేదు. శిబిరంలో ఉన్న నమోదు, వేలిముద్రలు సరిపోయాయి.

నలభై వేల మందికి సరిపోయినది ఇరవై లక్షల మందికి ఎందుకు సరిపోదు? గులాబీ కార్డులో వేలిముద్రలున్నాయి, ఫొటో ఉంది, ఏళ్ల తరబడి పర్మిట్ల చరిత్ర ఉంది, బీమా కట్టిన రికార్డు ఉంది. ఆ మనిషి గురించి థాయ్‌లాండ్‌కు తెలిసినంత బర్మాకు తెలియదు. సీఐ పుస్తకం ఆ సమాచారానికి కొత్తగా చేర్చేది ఒక్కటే, సైన్యానికి అతని చిరునామా.

మిగతా దేశాల్లో రూపం వేరు, సారం దగ్గరదగ్గర. మలేషియాలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గర నమోదైన రెండు లక్షల మందిలో పదికి తొమ్మిది మంది బర్మా వాళ్లే, రోహింగ్యాలు, చిన్‌లు ఎక్కువ. ఆ కార్డుతో పని చేసే హక్కు రాదు, సెలయాంగ్ టోకు మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లు దాడులు జరిగినప్పుడల్లా పరుగెత్తాల్సిందే. జపాన్, కొరియాలకు వెళ్లే దారి భాషా పరీక్ష. అందుకే యాంగోన్‌లో జపనీస్ కోచింగ్ సెంటర్లు వీధికొకటి లేచాయి. జపాన్‌లో బర్మా వాళ్ల సంఖ్య 2024లో లక్ష దాటింది. టోక్యోలో తకదనోబాబా, సింగపూర్‌లో పెనిన్సులా ప్లాజా, ఇంచియోన్‌లో బుప్యోంగ్, ఆదివారం పూట ఎక్కడికి వెళ్లినా మొహింగా చేపల పులుసు నూడుల్స్ దొరుకుతుంది. చదువు, డబ్బు కాస్త ఉన్నవాళ్ల దారులివి. పాస్‌పోర్టు పునరుద్ధరణ దగ్గర మాత్రం వాళ్లూ అదే కౌంటరు ముందుకు రావాలి.

మన దేశం కూడా 1951 ఒప్పందానికి బయటే ఉంది. తియావ్ నది దాటి మిజోరం చేరిన చిన్ శరణార్థులు ముప్పై వేలకు పైగా ఉన్నారు, ఢిల్లీ వద్దన్నా మిజో ప్రజలు బంధువులని ఇళ్లలో పెట్టుకున్నారు. హైదరాబాద్ బాలాపూర్‌లో వేల మంది రోహింగ్యాలు యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డులతో బతుకుతున్నారు. ఆధార్ లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు, సిమ్ కార్డు ఇంకొకరి పేరు మీద, అద్దె ఒప్పందం నోటిమాట. మిజోరంలో 2025లో శరణార్థుల వేలిముద్రల నమోదు మొదలైంది. ఆ నమోదుతో పాటు రెండు మాటలు రాతపూర్వకంగా కావాలి. ఈ వివరాలు నేపిడోకు ఏ రూపంలోనూ వెళ్లవన్నది ఒకటి. నమోదైన మనిషి కూలి పని చేసుకోవచ్చు, జీతం ఎగ్గొట్టిన మేస్త్రీ మీద కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టవచ్చన్నది రెండోది. బాలాపూర్‌కూ అదే వర్తించాలి.